కెనడావాళ్లు, అమెరికావాళ్లు, మధ్యలో ఆ పోటీ: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది కెనడాలో, ఒంటారియోలోని విండ్సర్‌లో. ఇంట్లోంచి పావుగంట నడిస్తే డెట్రాయిట్ నది వస్తుంది, అవతలి గట్టు అమెరికా. మా పిన్ని కొడుకు ఆ గట్టు దాటాక నలభై నిమిషాల దూరంలో, మిషిగన్‌లోని నోవైలో ఉంటాడు. ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా, ఇక్కడికి చదువుకోడానికి వచ్చే పిల్లలు కలిసినా, ఈ రెండు దేశాల గురించి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అసలు వీళ్లిద్దరికీ పడదా?

పడుతుంది. మా ఊళ్లో ఎంతోమంది నర్సులు తెల్లవారుజామునే నది కింది టన్నెల్ దాటి డెట్రాయిట్ ఆసుపత్రుల్లో డ్యూటీకి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరతారు, కారు విడిభాగం ఒకటి బండిలో బిగించేలోపు ఈ నదిని నాలుగైదుసార్లు దాటడం మామూలే, పడనివాళ్ల మధ్య ఇవన్నీ జరగవు. మనకి దాయాదుల పోరు అనగానే ఇండియా, పాకిస్తాన్ గుర్తొస్తాయి, ఇక్కడ అంత వేడి లేదు. ఒకే పెరడు పంచుకున్న అన్నదమ్ముల్లో చిన్నవాడి మనసులో ఉండే పోటీ ఇది, పెద్దవాడికైతే అలాంటిదొకటి ఉందని కూడా చాలాసార్లు తెలియదు.

అమెరికా జనాభా దాదాపు 34 కోట్లు, కెనడా జనాభా 4 కోట్ల పైచిలుకు, అంటే ఇంచుమించు ఒక్క కాలిఫోర్నియా అంత. ఆ 4 కోట్లమందిలోనూ ఎక్కువమంది సరిహద్దుకి దగ్గరగానే ఉంటారు. టీవీ పెడితే అమెరికా, సినిమాకి వెళితే అమెరికా, వార్తల్లో అమెరికా. 1969లో ప్రధాని పియెర్ ట్రూడో వాషింగ్టన్ వెళ్లి, మీ పక్కన బతకడం ఏనుగు పక్కన పడుకోవడం లాంటిది, అది ఎంత సాధువైనా దాని ప్రతి కదలికా ప్రతి మూలుగూ మాకు తెలుస్తాయి అన్న అర్థంలో మాట్లాడాడు. ఇక్కడ బళ్లో చదివే పిల్లలకి కూడా ఆ మాట తెలుసు. నన్నడిగితే మిగతా ప్రశ్నలన్నిటికీ సగం జవాబు అందులోనే ఉంది.

ఈ గొడవ ఎప్పుడు మొదలైంది?

అమెరికా పుట్టినప్పుడే. బ్రిటన్ మీద తిరుగుబాటు చేసిన 13 వలస ప్రాంతాలు 1775లోనే క్యూబెక్ మీదికి సైన్యాన్ని పంపాయి, ఆ ఏడాది చివరి రోజున మంచుతుఫానులో క్యూబెక్ కోట ముందు ఓడిపోయాయి. యుద్ధం ముగిశాక, రాజు పక్షాన నిలబడ్డ వేలాది కుటుంబాలు ఇళ్లూ పొలాలూ వదిలేసి ఉత్తరానికి వచ్చేశాయి. లాయలిస్టులంటే వాళ్లే. వాళ్లు ఎంతమంది వచ్చారంటే 1784లో న్యూ బ్రన్స్‌విక్ అని వేరే వలసే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అంటే కెనడాలో ఇంగ్లీషు మాట్లాడే సమాజానికి పునాది వేసినవాళ్లలో చాలామంది "మాకు అమెరికా వద్దు" అని బయటికి వచ్చినవాళ్లే.

తర్వాత 1812 యుద్ధం. అమెరికా బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించి కెనడా మీదికి వచ్చింది. ఆ ఆగస్టులోనే బ్రిటిష్ సేనాని ఐజాక్ బ్రాక్, మూలవాసుల్లో షానీ తెగ నాయకుడు టెకుమ్సే కలిసి, మా ఇంటికి ఎదురుగా కనిపించే ఈ డెట్రాయిట్‌నే పట్టుకున్నారు. 1813లో అమెరికా సైన్యం యార్క్ అనే ఊరిని దోచి, ప్రభుత్వ భవనాల్ని తగలబెట్టింది, ఇప్పటి టొరంటో అదే. 1814 ఆగస్టులో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్‌లో వైట్ హౌస్ తగలబెట్టింది. ఆ డిసెంబరులో సంధి జరిగింది, సరిహద్దులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అమెరికా బళ్లలో ఆ యుద్ధం వాళ్ల జాతీయగీతం పుట్టిన సందర్భం, కెనడా బళ్లలో మీదికొచ్చినవాణ్ని వెనక్కి పంపిన కథ. నిజంగా ఓడిపోయింది మూలవాసులే. టెకుమ్సే 1813లో యుద్ధంలో చనిపోయాడు, ఆయన కోరుకున్న స్వతంత్ర దేశానికి సంధిలో చోటు దక్కలేదు. ఈ సంగతి రెండు వైపులా తక్కువగానే చెప్తారు, నాకు అది బాధగా ఉంటుంది.

అయితే వైట్ హౌస్ తగలబెట్టింది కెనడావాళ్లేనా?

కాదు. సరదాగా "మేమే తగలబెట్టాం" అంటారు గానీ తగలబెట్టింది బ్రిటిష్ సైనికులు. కెనడా ఒక దేశంగా ఏర్పడింది 1867 జులై 1న.

ఆ తర్వాత మళ్లీ యుద్ధం జరగలేదా?

దేశాల మధ్య జరగలేదు. 1817లోనే గ్రేట్ లేక్స్‌లో యుద్ధనౌకల్ని ఒకటి రెండుకి తగ్గించుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. 8,891 కిలోమీటర్ల సరిహద్దు, రెండు దేశాల మధ్య ప్రపంచంలో ఇంతకన్నా పొడవైనది ఇంకోటి లేదు. క్యూబెక్‌లోని స్టాన్‌స్టెడ్, అమెరికాలోని డర్బీ లైన్ ఊళ్ల మధ్య 1904 నాటి లైబ్రరీ ఒకటుంది, సరిహద్దు సరిగ్గా చదువుకునే గదిలోంచి పోతుంది, నేల మీద నల్లగీత గీశారు.

అనుమానాలు మాత్రం పోలేదు. 1866లో ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం బ్రిటన్‌తో పోరాడే ఫీనియన్లు అమెరికా నుంచి సరిహద్దు దాటి దాడి చేస్తే, ఆ భయం కూడా కెనడా వలసలు ఏకం కావడానికి ఒక కారణమైంది. 1903లో అలాస్కా సరిహద్దు తగాదాలో బ్రిటిష్ జడ్జి అమెరికా పక్షాన ఓటేశాడని కెనడావాళ్లు ఏళ్ల తరబడి రగిలిపోయారు. రెండు సైన్యాల దగ్గరా కాగితాల మీద యుద్ధ పథకాలు కూడా ఉండేవి, కెనడా 1921లో ఒకటి రాసుకుంది, అమెరికా 1930లో ఒకటి. 1974లో అమెరికా పథకం బయటపడ్డాక రెండువైపులా ఆశ్చర్యపోయారు.

కెనడావాళ్లు నిజంగా అన్నిటికీ సారీ చెప్తారా?

చెప్తారు. నేను వచ్చిన కొత్తల్లో కూరగాయల షాపులో నా ట్రాలీ వెళ్లి ఒక పెద్దాయన కాలికి తగిలింది. నేను నోరు తెరిచేలోపే ఆయన సారీ అన్నాడు. నేనూ అన్నాను, ఆయన మళ్లీ అన్నాడు. ఇక్కడ సారీ అంటే తప్పు ఒప్పుకోవడం కాదు, "పర్లేదు, ఇద్దరం ఇక్కడే ఉన్నాం, గొడవేం లేదు" అని చెప్పడం. ఇది ఎంత అలవాటంటే, సారీ చెప్పినంత మాత్రాన కోర్టులో తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఒంటారియో 2009లో చట్టమే చేసింది. బ్రిటిష్ కొలంబియా అంతకు ముందే, 2006లో చేసింది.

మర్యాద వేరు, చనువు వేరు, ఇది కొత్తగా వచ్చే పిల్లలకి నేను ముందే చెప్తాను. తలుపు తీసి పట్టుకుంటారు, నవ్వుతారు, వాతావరణం గురించి మాట్లాడతారు, కానీ ఇంటికి పిలవడానికి రెండేళ్లు పట్టొచ్చు.

అమెరికావాళ్లు గొప్పలు చెప్పుకుంటారు, గట్టిగా మాట్లాడతారు అంటారు, నిజమేనా?

గట్టిగా మాట్లాడేవాళ్లు ఉన్నారు. కానీ మా తమ్ముడు నోవైలో ఇల్లు కొన్న మొదటి చలికాలం, రాత్రంతా మంచు పడి తెల్లారేసరికి డ్రైవ్‌వే మోకాలిలోతు పూడిపోయి ఉంటే, ఎదురింటాయన అడక్కుండానే మంచు తోసే మెషిన్ తెచ్చి శుభ్రం చేసి, లోపలికొచ్చి కాఫీ తాగి, తన ఉద్యోగం, తన మోకాలి ఆపరేషన్, కొడుకు పెళ్లి, అన్నీ గంటలో చెప్పేసి, ఆదివారం ఆట చూడ్డానికి రమ్మని వెళ్లాడట. ఇక్కడ నా పక్కింటాయన కూడా అంతే మంచివాడు, నేను ఊరెళ్తే నా మంచు కూడా ఆయనే తీస్తాడు, కానీ ఆయన భార్య పేరు నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

రెండు దేశాల పునాది కాగితాల్లోనే ఈ తేడా కనిపిస్తుందని ఇక్కడ చాలామంది చెప్తారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో జీవితం, స్వేచ్ఛ, సుఖం కోసం ప్రయత్నం అని ఉంటుంది. కెనడా 1867 చట్టంలో శాంతి, క్రమం, మంచి పాలన అని ఉంటుంది. ఒకటి మనిషితో మొదలైతే రెండోది ప్రభుత్వంతో మొదలవుతుంది. టెక్సాస్ మనిషినీ వెర్మాంట్ మనిషినీ ఒకే గాట కట్టలేం, ఆల్బర్టా మనిషికీ క్యూబెక్ మనిషికీ పొంతనే ఉండదు, అయినా ఈ తేడా కొంత నిజమేనని నా అనుభవం.

అమెరికావాళ్లకి కెనడా గురించి ఏమీ తెలియదంటారు?

చాలామందికి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకి పడదు. 1992లో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో టొరంటో జట్టు అట్లాంటాలో ఆడుతుంటే, మొదట్లో అమెరికా మెరైన్ సైనికులు కెనడా జెండాని తలకిందులుగా పట్టుకొచ్చారు, కోట్లమంది చూస్తుండగా. కెనడా భగ్గుమంది. తర్వాతి ఆట టొరంటోలో. మెరైన్లే మళ్లీ కెనడా జెండా పట్టుకుని, ఈసారి సరిగ్గా, మైదానంలోకి వచ్చారు, అమెరికా జెండాని కెనడా పోలీసులు పట్టుకున్నారు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ సిరీస్ టొరంటోనే గెలిచింది.

కెనడాలో ఎప్పుడూ మంచు పడుతూనే ఉంటుందా?

లేదు. మా ఊరికి ఓ యాభై కిలోమీటర్ల దూరంలో పాయింట్ పీలీ ఉంది, అది కాలిఫోర్నియా ఉత్తర సరిహద్దు కన్నా కాస్త కిందికే ఉంటుంది. దాని పక్కనే ఉన్న లెమింగ్టన్ టమాటాలకి పేరు. ఇంకో విచిత్రం, విండ్సర్ నుంచి డెట్రాయిట్ చూడాలంటే ఉత్తరానికి తిరగాలి. మా దగ్గర అమెరికాయే ఉత్తరాన ఉంటుంది.

జాతి వివక్ష అమెరికాలోనే, కెనడావాళ్లు మంచివాళ్లు అంటారు. ఒప్పుకుంటారా?

ఒప్పుకోను.

విండ్సర్ నది ఒడ్డున ఒక స్మారకం ఉంది, అవతల డెట్రాయిట్ ఒడ్డున దానికి జత ఇంకొకటి. రెండూ 2001లో పెట్టారు. అమెరికా బానిసత్వం నుంచి పారిపోయిన నల్లజాతి కుటుంబాలు రాత్రిపూట ఈ నది దాటేవి, వాళ్ల రహస్య భాషలో డెట్రాయిట్ పేరు "అర్ధరాత్రి". డెట్రాయిట్ ఒడ్డున ఉన్న కంచు విగ్రహాల్లో ఒక మనిషి నది మీదుగా మా వైపు చెయ్యి చాపి చూపిస్తుంటాడు. మా వైపు విగ్రహాల్లో ఒకతను రెండు చేతులూ ఆకాశానికెత్తి ఉంటాడు. నేను అక్కడికి ఎన్నిసార్లు వెళ్లినా కాసేపు ఆగకుండా రాలేను. అలా సుమారు 30 వేలమందికి పైగా కెనడా చేరారని లెక్క. కెనడావాళ్లు దీని గురించి గర్వపడటంలో తప్పు లేదు.

కానీ కెనడాలో కూడా బానిసలు ఉండేవాళ్లు, బ్రిటిష్ సామ్రాజ్యం 1834లో రద్దు చేసేదాకా. 1946లో నోవా స్కోషియాలో వయోలా డెస్మండ్ అనే నల్లజాతి వ్యాపారి సినిమాహాల్లో తెల్లవాళ్ల సీట్లలోంచి లేవనన్నందుకు జైల్లో పెట్టారు. ఆమె బొమ్మ 2018 నుంచి పది డాలర్ల నోటు మీద ఉంది. 1914లో కొమగాటా మారు ఓడలో వచ్చిన 376 మందిని, ఎక్కువగా పంజాబీలు, వాంకూవర్ రేవులో రెండు నెలలు ఆపేసి, దాదాపు అందరినీ వెనక్కి తిప్పి పంపారు. మూలవాసుల పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు, సుమారు లక్షన్నరమంది పిల్లల్ని, వంద ఏళ్లకు పైగా. ఆఖరి స్కూళ్లు మూతపడింది 1990ల్లో. ఎంతోమంది పిల్లలు ఇళ్లకి తిరిగి రాలేదు. పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పింది 2008లో.

అందుకే "మేం వాళ్లలా కాదు" అని ఎవరైనా అంటే నాకు మనసుకి పట్టదు. అమెరికాలో గాయం అందరికీ కనిపించేలా ఉంది, ఇక్కడ చాలాకాలం దుప్పటి కప్పి ఉంచారు.

హాకీ అంటే ఎందుకంత పిచ్చి?

ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆడే ఐస్ హాకీ. పిచ్చి ఎందుకంటే మిగతా అన్నిట్లో అమెరికా పెద్దది, ఈ ఒక్క దాంట్లో తామే పెద్దవాళ్లమని కెనడా నమ్ముతుంది. అక్కడ కూడా డబ్బు అమెరికాదే. ఎన్‌హెచ్ఎల్ అనే లీగ్‌లో 32 జట్లుంటే కెనడావి ఏడే. కెనడా జట్టు ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది ఆఖరుసారి 1993లో, మాంట్రియల్. ఆ తర్వాత గెలిచిన అమెరికా జట్లలో ఆడినవాళ్లు చాలామంది కెనడా కుర్రాళ్లే, అదింకా మంట. 1988 ఆగస్టులో వేన్ గ్రెట్జ్‌కీని ఎడ్మంటన్ జట్టు లాస్ ఏంజెలెస్‌కి అమ్మేసినప్పుడు పార్లమెంటులో కూడా గొడవైంది. 1995లో క్యూబెక్ సిటీ జట్టు కొలరాడోకి తరలిపోయి, మరుసటి ఏడాదే అక్కడ కప్ గెలిచింది. క్యూబెక్‌వాళ్లకి ఆ పుండు ఇంకా పచ్చిగానే ఉంది.

అందుకే దేశాల మధ్య ఆట అంటే ప్రాణం పెడతారు. 2002 ఒలింపిక్స్ అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో. మంచు మైదానం తయారు చేయడానికి ఎడ్మంటన్ నుంచి వెళ్లినతను సరిగ్గా మధ్యలో మంచు కింద ఒక కెనడా డాలర్ నాణెం దాచాడు. కెనడా ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ ఫైనల్లో అమెరికానే ఓడించి బంగారం తెచ్చుకున్నారు, మగవాళ్లకైతే 50 ఏళ్ల తర్వాత. ఆ నాణెం ఇప్పుడు టొరంటోలోని హాకీ మ్యూజియంలో ఉంది. 2010 వాంకూవర్‌లో అమెరికా ఆఖరి 24 సెకన్లలో గోలు కొట్టి సమం చేస్తే, అదనపు సమయంలో సిడ్నీ క్రాస్బీ కొట్టిన గోలుతో కెనడా 3-2తో గెలిచింది. ఆడవాళ్ల హాకీ 1998లో ఒలింపిక్స్‌లోకి వచ్చిన దగ్గర్నుంచి బంగారు పతకాలన్నీ ఈ రెండు దేశాలవే. వాళ్లు ఆడే తీరు చూస్తే నా మట్టుకు అసలైన పోటీ అదే అనిపిస్తుంది.

క్రికెట్లో వీళ్లిద్దరూ ఆడారా?

ఇది చెప్పడం నాకు భలే ఇష్టం. ప్రపంచంలో రెండు దేశాల మధ్య మొట్టమొదటి క్రికెట్ మ్యాచ్ ఆడింది ఇంగ్లండ్, ఆస్ట్రేలియా కాదు, అమెరికా, కెనడా. 1844 సెప్టెంబరులో న్యూయార్క్‌లో, కెనడా 23 పరుగులతో గెలిచింది. మొదటి టెస్ట్ మ్యాచ్ దానికి 33 ఏళ్ల తర్వాత. 2024 టీ20 ప్రపంచకప్ తొలి మ్యాచ్ కూడా వీళ్లిద్దరిదే, డాలస్ దగ్గర. కెనడా 194 కొడితే ఆరన్ జోన్స్ 40 బంతుల్లో 94, పది సిక్సర్లు, అమెరికా ఏడు వికెట్లతో గెలిచింది. ఆ రాత్రి తమ్ముడి దగ్గర్నుంచి నాకు వచ్చిన మెసేజ్‌లకి లెక్క లేదు.

మాటతీరులో తేడా పట్టుకోవచ్చా?

మనం వాక్యం చివర "కదా" అన్నట్టు వాళ్లు "ఎయ్" అంటారు, ముఖ్యంగా చిన్న ఊళ్లలో. అక్షరమాల చివర అమెరికాలో "జీ", ఇక్కడ "జెడ్", మన బళ్లలో లాగే. బాత్రూమ్‌ని ఇక్కడ వాష్‌రూమ్ అంటారు, అమెరికాలో రెస్ట్‌రూమ్. ఉన్ని టోపీని టూక్ అంటారు. టిమ్ హార్టన్స్‌లో "డబుల్ డబుల్" అంటే రెండు క్రీములు, రెండు పంచదారలు వేసిన కాఫీ, ఆ దుకాణాన్ని 1964లో హామిల్టన్‌లో పెట్టింది ఒక హాకీ ఆటగాడు. డాలర్ నాణెం లూనీ, రెండు డాలర్లది టూనీ. ఒంటారియోలో పాలు సంచుల్లో అమ్ముతారు, మన పాల ప్యాకెట్లలాగే, మా అమ్మ వచ్చినప్పుడు అది చూసి ఎంత సంతోషపడిందో.

"అబౌట్" అనే మాటని "అబూట్" అని ఎవరూ అనరు. ఆ అచ్చుని కాస్త పైకెత్తి పలుకుతారు, అమెరికావాళ్ల చెవికి అలా వినిపిస్తుంది.

వైద్యం విషయంలో కెనడావాళ్లు గొప్పలు పోతారు, అందులో ఎంత నిజం?

గర్వపడే సంగతే. 1962లో సస్కాచెవాన్‌లో అందరికీ ప్రభుత్వ వైద్య బీమా మొదలుపెడితే డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు, అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు, పదేళ్లలో దేశమంతా పాకింది. దానికి మూలపురుషుడు టామీ డగ్లస్. 2004లో టీవీలో జనం ఓటేసి గొప్ప కెనడియన్ అని ఎన్నుకున్నది ఆయన్నే, హాకీ ఆటగాణ్ని కాదు. ఇన్సులిన్ కనిపెట్టింది టొరంటోలో, 1921లో. కనిపెట్టినవాళ్లు పేటెంట్‌ని తలా ఒక డాలరుకి విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 2019లో అమెరికా సెనేటర్ బెర్నీ సాండర్స్ డెట్రాయిట్ నుంచి షుగరు రోగుల్ని బస్సులో ఎక్కించుకుని మా విండ్సర్ వచ్చింది ఆ ఇన్సులిన్ చౌకగా కొనుక్కోడానికే.

రెండో వైపు కూడా చెప్పాలి. మా అమ్మాయి చెయ్యి విరిగినప్పుడు ఎమర్జెన్సీలో ఆరుగంటలు కూర్చున్నాం. బయటికొచ్చేటప్పుడు పార్కింగ్ తప్ప పైసా కట్టలేదు, నిజమే, కానీ ఆ ఆరుగంటలూ పిల్ల ఏడుస్తూనే ఉంది. ఒంటారియోలో ఫ్యామిలీ డాక్టర్ దొరకనివాళ్లు లక్షల్లో ఉన్నారు. అమెరికాతో పోల్చుకుని మేమే నయం అనుకోవడం అలవాటై, ఇంట్లో లోపాలు సరిదిద్దుకోవడంలో ఆలస్యం చేస్తున్నారని నాకు కోపం.

2025లో ఏమైంది? అందరూ మారిపోయారంటున్నారు.

మారారు. ట్రంప్ రెండోసారి వచ్చాక కెనడా సరుకుల మీద 25 శాతం సుంకం అన్నాడు, కెనడా 51వ రాష్ట్రమైతే బాగుంటుందని పదేపదే అన్నాడు, ప్రధానిని గవర్నర్ అని పిలిచాడు. అమెరికాలో చాలామంది దాన్ని వేళాకోళం అనుకున్నారు. 1775, 1812 గుర్తున్న దేశానికి అది వేళాకోళం కాదు. హాకీ ఆటల్లో అమెరికా జాతీయగీతం వస్తుంటే జనం అరిచి గోల చేశారు. ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో రెండు జట్లు ఆడితే మొదటి తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు, ఆరోజు అమెరికా గెలిచింది. ఐదు రోజులకి బోస్టన్‌లో ఫైనల్, అదనపు సమయంలో కానర్ మెక్‌డేవిడ్ గోలు, కెనడా 3-2. మార్చి 4న ఒంటారియో ప్రభుత్వ మద్యం దుకాణాలు అమెరికా సీసాలన్నీ అరల్లోంచి తీసేశాయి. అమెరికా ప్రయాణాలు మానుకున్నవాళ్లు నాకు తెలిసే బోలెడుమంది. ఏడాది మొదట్లో ఓడిపోతుందనుకున్న లిబరల్ పార్టీ ఏప్రిల్ 28న మార్క్ కార్నీ నాయకత్వంలో గెలిచింది. కెనడా ఎన్నికల్లో అమెరికా వర్తకమే ముఖ్య విషయమవడం కొత్తేం కాదు, 1911లో ప్రధాని లారియే ఓడిందీ దాని మీదే, 1988 ఎన్నిక నడిచిందీ దాని మీదే.

అప్పుడు జనం నోట్లో నానిన మాట "ఎల్బోస్ అప్", మోచేతులు పైకి. హాకీలో మీదికొచ్చేవాణ్ని మోచేత్తో ఆపడం గార్డీ హౌ పద్ధతి. ఆయన పుట్టింది సస్కాచెవాన్‌లో, పాతికేళ్లు ఆడింది డెట్రాయిట్‌కి. మా ఊరికీ డెట్రాయిట్‌కీ మధ్య కొత్త వంతెనకి ఆయన పేరే పెట్టారు, ఖర్చు కెనడా పెట్టుకుంది, రెండు వైపుల నుంచీ కట్టుకొచ్చి 2024లో నది మధ్యలో కలిపారు. కార్ల ఫ్యాక్టరీల మీద బతికే ఊరు మాది. సుంకాల మాట వచ్చినప్పుడల్లా మా వీధిలో షిఫ్టులు ఉంటాయో ఊడతాయో అని టెన్షన్. అలాంటప్పుడు స్టీరియోటైపుల మీద జోకులు వేస్తే ఎవరికీ నవ్వు రాదు.

మరి కష్టం వస్తే ఆదుకుంటారా?

1917 డిసెంబరు 6న హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి ఊళ్లో పెద్ద భాగం నేలమట్టమైతే, ఆ రాత్రే బోస్టన్ నుంచి డాక్టర్లతో, మందులతో రైలు బయల్దేరింది, దారిలో మంచుతుఫాను అడ్డుపడినా వెనక్కి తిరగలేదు. దానికి కృతజ్ఞతగా నోవా స్కోషియా ఇప్పటికీ ఏటా బోస్టన్‌కి పెద్ద క్రిస్మస్ చెట్టు పంపుతుంది. 1980లో టెహ్రాన్‌లో దాక్కున్న ఆరుగురు అమెరికా దౌత్య ఉద్యోగుల్ని కెనడా రాయబారి కెన్ టేలర్, ఆయన సహచరులు ఇళ్లలో పెట్టుకుని, కెనడా పాస్‌పోర్టులిచ్చి బయటికి పంపారు. 2001 సెప్టెంబరు 11న అమెరికా ఆకాశం మూసేస్తే, న్యూఫౌండ్‌ల్యాండ్‌లోని గాండర్ అనే పదివేలమంది ఊళ్లో 38 విమానాలు దిగాయి, దాదాపు ఏడువేలమంది. ఊరివాళ్లు దుప్పట్లు తెచ్చారు, వండిపెట్టారు, స్నానానికి తమ ఇళ్లకి తీసుకెళ్లారు. హాకీ మైదానాన్ని ఫ్రిజ్‌గా వాడుకున్నారు.

ఉద్యోగానికీ చదువుకీ ఏది మంచిది?

ఇది మనిషిని బట్టి ఉంటుంది, నేను ఒక్క మాటలో చెప్పలేను. అమెరికాలో జీతం ఎక్కువ, కానీ గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన వల్ల మనవాళ్లు ఏళ్లకేళ్లు వరుసలో ఉంటారు. మా తమ్ముడు ఆ వరుసలోనే ఉన్నాడు. కెనడా 2023 జులైలో హెచ్1బీ ఉన్నవాళ్లకి పదివేల వర్క్ పర్మిట్లు ఇస్తామంటే రెండు రోజుల్లో అయిపోయాయి. ఇక్కడ పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, త్వరగా వచ్చినా అనుభవానికి తగ్గ మొదటి ఉద్యోగం దొరకడం కష్టం, ఇళ్ల అద్దెలు మంట. ఎవరో చెప్పిన "అక్కడ తుపాకులట", "ఇక్కడ పనిలేదట" అన్న మాటలు పట్టుకుని మాత్రం నిర్ణయం తీసుకోకండి.

మన పిల్లలకి కూడా ఈ పోటీ అంటుకుంటుందా?

అంటుకుంటుంది. జూన్ చివర్లో డెట్రాయిట్ నది మీద పడవల్లోంచి బాణసంచా కాలుస్తారు, రెండు ఒడ్డులూ జనంతో నిండిపోతాయి. ఇండియా పాస్‌పోర్టు మీద ఉన్న తమ్ముడికి ఇటు రావాలంటే కెనడా వీసా కావాలి, ఒక ఏడాది అది సమయానికి రాలేదు. మేం ఈ గట్టున దుప్పటి పరుచుకుని కూర్చున్నాం, వాళ్లు ఆ గట్టున. మధ్యలో కిలోమీటరు కూడా లేని నీళ్లు. వాడి కొడుకు ఫోన్‌లో "పెదనాన్నా, అక్కకి ఇవ్వు" అన్నాడు. మా అమ్మాయి పుట్టింది విండ్సర్‌లో, వాడు పుట్టింది మిషిగన్‌లో. ఆకాశంలో పెద్ద ఎర్రపువ్వు విచ్చుకుంది.

"ఎర్రది చూశావా, అది మాది" అన్నాడు వాడు.

"ఎరుపు మా జెండా రంగు, మాది" అంది ఇది.

"మాదాంట్లో కూడా ఎరుపుంది."

"సరే, ఇప్పుడొచ్చేది ఎవరిదో చూద్దాం" అని ఇద్దరూ ఫోన్లు చెవిలో పెట్టుకునే ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నారు.